బూట్లు విప్పాక బ్యాంకు మెట్లు: ఫుట్‌బాల్ ఆటగాడు ‘ఫైనాన్స్‌లోకి’ వెళ్లడమంటే ఏమిటి?

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో పదిహేనేళ్లకు రాసుకున్న వాణిజ్య హక్కుల ఒప్పందానికి 2025 డిసెంబరు 8 ఆఖరి రోజు. ఆ తరువాత సంగతేమిటో తేలక, 2025 జులైలోనే ఆ హక్కులు చేతిలో ఉన్న ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) నిర్వాహకులు కొత్త సీజన్‌ను పక్కన పెట్టేశారు. ఆగస్టు మొదట్లో బెంగళూరు ఎఫ్‌సీ మొదటి జట్టు ఆటగాళ్లకూ సిబ్బందికీ జీతాలు నిరవధికంగా ఆపుతున్నట్టు ప్రకటించింది. ఆ వెంటనే చెన్నైయిన్ ఎఫ్‌సీ కూడా కార్యకలాపాలు నిలిపేసింది. అప్పటికే ఐ-లీగ్ అనే మరో జాతీయ లీగులో రెండు టైటిళ్లు, 2018-19లో ఐఎస్‌ఎల్ గెలిచిన క్లబ్బు బెంగళూరుది. అంత పేరున్న చోటే జీతం ఆగిందంటే చిన్న క్లబ్బుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం వైపు శని ఆదివారాలు పొద్దున్నే పిల్లల్ని అకాడమీ టర్ఫ్ దగ్గర దించి, వల పక్కన టీ కప్పుతో నిలబడే తెలుగు తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. ఆట మధ్యలో ఆగిపోతే వీడి గతేమిటి అన్నది వాళ్ల భయం. దానికి ఎవరో ఒకరి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: “ఏముందండీ, ఆట మానేశాక ఫైనాన్స్‌లోకి వెళ్తాడు. బయటి దేశాల్లో అందరూ చేసేది అదేగా!”

అందరూ చేయరు. చేసేవాళ్లు కూడా ఒకే పని చేయరు. ముందు ఆ మాటను విడదీద్దాం.

నాలుగు పనులకు ఒకే పేరు

మొదటిది, సొంత డబ్బు చూసుకోవడం. ఆడే రోజుల్లో వచ్చిన సంపాదనను ఆట తరువాతి ముప్పై ఏళ్లకు సర్దడం. ఇది ఉద్యోగం కాదు గానీ అసలు చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

రెండోది, బ్యాంకులోనో, ఫండ్ సంస్థలోనో జీతానికి పనిచేయడం. స్విట్జర్లాండ్ డిఫెండర్ రామోన్ వేగా టాటెన్‌హామ్‌కు, సెల్టిక్‌కు ఆడి, ఆ తరువాత లండన్‌లో ఆస్తుల నిర్వహణ రంగంలో స్థిరపడ్డాడు. “విదేశాల్లో” అన్నప్పుడు ఎక్కువమంది మనసులో ఉండేది ఇలాంటి కథే.

మూడోది, మ్యూచువల్ ఫండ్లు, బీమా పాలసీలు అమ్మడం, లేదా ఫీజు తీసుకుని సలహా చెప్పడం. మన దేశంలో ఆట మానేసినవాళ్లకు అందుబాటులో ఉండేది ముఖ్యంగా ఇదే.

నాలుగోది, తన డబ్బూ తన పేరూ పెట్టుబడిగా పెట్టడం. 2018 ప్రపంచ కప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టులోని బ్లేజ్ మాట్యుయిడి కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే ‘ఒరిజిన్స్’ అనే వెంచర్ ఫండ్ స్థాపకుల్లో ఒకడు. దీనికి యూరప్ స్థాయి సంపాదన కావాలి. ఇక్కడి లీగుల్లో ఆడినవాళ్ల విషయంలో ఇది మాట్లాడుకోవడానికే తప్ప పెద్దగా ఉపయోగపడదు కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేద్దాం.

ఒకప్పుడు ఆటగాడు బ్యాంకులోనే ఉండేవాడు

విచిత్రమేమిటంటే, దక్షిణాదిలో ఫుట్‌బాల్‌కూ బ్యాంకుకూ చుట్టరికం కొత్తది కాదు. భారత జట్టు మాజీ కెప్టెన్ వి.పి. సత్యన్ కేరళ పోలీసు జట్టు నుంచి వచ్చి చేరింది చెన్నైలోని ఇండియన్ బ్యాంకులో. బెంగళూరులో హెచ్‌ఏఎల్, ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) లాంటి ప్రభుత్వ రంగ సంస్థల జట్లు జాతీయ స్థాయి లీగుల దాకా వెళ్లాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుదీ ఇదే పద్ధతి: ఆట కోసం ఉద్యోగం, ఉద్యోగం వల్ల ఆట.

ఆ పద్ధతిలో ఆటగాడికి వచ్చేది మామూలు గుమాస్తా జీతమే. పొద్దున ప్రాక్టీసు, తరువాత ఆఫీసు, టోర్నమెంట్ ఉంటే డ్యూటీ మీద సెలవు. మోకాలు పోయినా, ముప్పై మూడు దాటినా కుర్చీ అలాగే ఉండేది. ప్రమోషన్లు, భవిష్య నిధి, చాలామందికి పింఛను. అంటే ‘ఆట తరువాత ఫైనాన్స్‌లోకి’ అన్న మార్పే అక్కడ లేదు. ఇరవై రెండేళ్లకే వాడు అందులో ఉన్నాడు.

2014లో ఐఎస్‌ఎల్ వచ్చాక లెక్క మారింది. సంస్థల జట్లు వెనకబడ్డాయి, క్లబ్బు కాంట్రాక్టులు ముందుకొచ్చాయి. గుమాస్తా ఏడాది జీతం ఒక్క నెలలో వచ్చే ఆటగాళ్లూ తయారయ్యారు. కానీ అదంతా రెండు, మూడేళ్ల కాగితం. ఫిఫా నిబంధనల ప్రకారం ఆటగాడి కాంట్రాక్టు మామూలుగా అయిదేళ్లకు మించదు.

ఇక్కడే ఒక తలుపు చప్పుడు లేకుండా మూసుకుపోతుంది. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఉమ్మడి పరీక్ష, అంటే ఐబీపీఎస్, క్లర్కు పోస్టుకు వయసు 20 నుంచి 28, ప్రొబేషనరీ ఆఫీసరుకు 20 నుంచి 30. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఓబీసీ అయితే మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీ అయితే అయిదేళ్లు సడలింపు. రెండింటికీ డిగ్రీ ఉండాలి. ముప్పై మూడేళ్లకు బూట్లు విప్పిన ఆటగాడు డిగ్రీ పట్టా పట్టుకుని వెళ్లినా, చాలామందికి అప్పటికే గేటు వేసేసి ఉంటుంది.

పాత పద్ధతే మేలని వాదించేవాళ్లు ఈ పాయింటునే పట్టుకుంటారు. ఎదుటివాళ్ల మాటా తీసిపారేయదగ్గది కాదు. ఆఫీసు చేస్తూ ఆడే ఆటకు ఒక హద్దు ఉంటుందనీ, రోజంతా శిక్షణ, ఫిజియో, పోషకాహారం లేనిదే ఆసియా స్థాయిలో నిలబడలేమనీ వాళ్లంటారు. 2016లో బెంగళూరు ఎఫ్‌సీ ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్‌లో ఫైనల్ దాకా వెళ్లడాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. రెండు వాదాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకటి ఆటగాడి బతుకు గురించి, రెండోది ఆట స్థాయి గురించి.

జీతమా, ఫీజా? ఫారం 26ఏఎస్‌లో ఒక లైను

క్లబ్బు ఇచ్చే డబ్బు పన్ను లెక్కలో రెండు రకాలుగా ఉండొచ్చు. ఆటగాణ్ని ఉద్యోగిగా చూస్తే అది జీతం. స్వతంత్ర వృత్తి నిపుణుడిగా చూస్తే అది ఫీజు. తేడా తెలిసేది మన పేరు మీద ఎవరెంత పన్ను కోసి కట్టారో చూపే ఫారం 26ఏఎస్ తెరిచినప్పుడు. 2026 మార్చి దాకా నడిచిన పాత చట్టం ప్రకారం క్లబ్బు పేరు ఎదుట సెక్షన్ 192 అని ఉంటే జీతం, 194జె అని ఉంటే వృత్తి ఫీజు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ తేడా అదే.

జీతమైతే క్లబ్బే మొత్తం పన్ను లెక్కగట్టి కోసేస్తుంది. ఫీజైతే కోసేది 10 శాతమే. ఆటగాడు ఇరుక్కునేది ఈ పది శాతం దగ్గరే. “టీడీఎస్ కట్ అయింది కదా, పన్ను అయిపోయినట్టే” అనుకుంటాడు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏడాదికి రూ. 30 లక్షల ఫీజు, ఖర్చులేవీ చూపలేదు, కొత్త పన్ను విధానం, 2025-26 శ్లాబులు. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తరువాతి ప్రతి 4 లక్షలకూ వరసగా 5, 10, 15, 20, 25 శాతం, అంటే 20 వేలు, 40 వేలు, 60 వేలు, 80 వేలు, లక్ష. 24 లక్షల పైనున్న 6 లక్షలకు 30 శాతం చొప్పున 1.8 లక్షలు. మొత్తం రూ. 4,80,000. దానిమీద 4 శాతం సెస్సు కలిపితే రూ. 4,99,200. క్లబ్బు కోసింది 3 లక్షలు. ఇంకా కట్టాల్సింది రూ. 1,99,200.

అది కూడా ఏడాది చివర ఒక్కసారి కడతానంటే కుదరదు. ముందస్తు పన్నుగా జూన్ 15కల్లా 15 శాతం, సెప్టెంబరు 15కు 45, డిసెంబరు 15కు 75, మార్చి 15కు నూరు శాతం జమ కావాలి. తప్పితే నెలకు 1 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. సీజన్ అయిపోయి, కొత్త కాంట్రాక్టు ఇంకా రాని నెలల్లో ఈ రెండు లక్షల కబురు ఇంటికి వస్తుంది.

కింది స్థాయిలో ఇదే కథ తిరగబడుతుంది. ఏడాదికి 12 లక్షల ఫీజు వచ్చే కుర్రాడికి కొత్త విధానంలో రిబేటు వల్ల పన్ను సున్నా. క్లబ్బు మాత్రం పది శాతం లెక్కన 1.2 లక్షలు కోసి కట్టేస్తుంది. ఆ డబ్బు వాడిదే, రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. రిటర్ను వేయనివాడికి రాదు.

రూ. 2.34 కోట్లు అంటే నెలకు ఎంత?

“కోట్లు సంపాదించాడు, ఏం చేసుకున్నాడో” అనే మాట మనం తేలిగ్గా అనేస్తాం. లెక్క వేసి చూద్దాం. కిందివి ఊహించుకున్న అంకెలు. పేరు మోసిన స్టార్ కాదు, బెంచీ మీదే ఉండిపోయినవాడూ కాదు, మధ్యస్థంగా రాణించిన ఆటగాడు.

19 నుంచి 21 దాకా ఏడాదికి 4 లక్షలు, మూడేళ్లకు 12 లక్షలు. 22 నుంచి 25 దాకా 12 లక్షల చొప్పున 48 లక్షలు. 26 నుంచి 29 దాకా 30 లక్షల చొప్పున 1.2 కోట్లు. 30 నుంచి 32 దాకా రేటు పడిపోయి 18 లక్షల చొప్పున 54 లక్షలు. పద్నాలుగేళ్లకు మొత్తం రూ. 2.34 కోట్లు.

ఇవాళ్టి శ్లాబులతోనే చూస్తే పన్ను దాదాపు 25 లక్షలు. ఏజెంటుకు 5 శాతం అనుకుంటే 11.7 లక్షలు. చేతిలో మిగిలేది సుమారు 1.97 కోట్లు. దీన్ని 19వ ఏట నుంచి 60 దాకా, నలభై రెండేళ్లకు పరిస్తే నెలకు రూ. 39 వేల చిల్లర. బెంగళూరులో కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాడి జీతం పక్కన పెట్టి చూడండి. ఆ కుర్రాడి జీతం ఏటా పెరుగుతుంది, వీడి డబ్బు ముప్పై రెండుతో ఆగిపోతుంది.

మామూలు ఉద్యోగి సంపాదన మెట్లెక్కినట్టు పోతుంది, ఆటగాడిది తారాజువ్వలా లేచి పడుతుంది. ఉద్యోగులకు అల్లిన పథకాలు, అప్పులు, సలహాలు వీడికి ఎందుకు కుదరవో ఈ ఒక్క తేడాలోనే ఉంది.

ఎక్కడ తప్పుతుంది: ఇల్లు, మోకాలు, ఆగిన జీతం

మంచి కాంట్రాక్టు రాగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఇల్లు. 27వ ఏట రూ. 60 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అనుకుందాం. వాయిదా నెలకు రూ. 52,069. పీక్ సంపాదనలో అది పెద్ద బరువేం కాదు. ఆరేళ్లు ఒక్క నెల తప్పకుండా కడితే మొత్తం కట్టింది 37.5 లక్షలు. 33వ ఏట ఆట ఆగే రోజున బ్యాంకుకు ఇంకా ఎంత బాకీ? దాదాపు 51 లక్షలు. మొదటి ఏళ్ల వాయిదాలో సింహభాగం వడ్డీకే పోతుంది కాబట్టి అసలు తరిగింది తొమ్మిది లక్షలే. ఇల్లు కొనడం తప్పని ఎవరూ అనరు. చిక్కు కాలపరిమితిలో ఉంది: ఆరేళ్ల సంపాదన మీద ఇరవై ఏళ్ల అప్పు.

రెండోది గాయం. మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు తెగితే మళ్లీ మైదానంలోకి రావడానికి మామూలుగా తొమ్మిది నెలలు, కొన్నిసార్లు అంతకు మించి. ఆరోగ్య బీమా ఆపరేషన్ ఖర్చు చూస్తుంది గానీ పోయిన జీతం ఇవ్వదు. వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది కదా అనుకుంటే, చాలా పాలసీల్లో మినహాయింపుల జాబితాలో ‘వృత్తిపరమైన క్రీడల్లో తగిలిన గాయాలు’ అని ఉంటుంది. చిన్న అక్షరాల్లో, పర్వతారోహణ పక్కన.

మూడోది జీతం రాకపోవడం. తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచిన ఆ క్లబ్బు రెండేళ్లు తిరక్కుండానే ఆటగాళ్ల జీతాల బకాయిలతో వార్తల్లోకెక్కింది. ఫిఫా నిబంధనల్లో దీనికొక దారి ఉంది. కనీసం రెండు నెలల జీతం బకాయి పడితే ఆటగాడు క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, కనీసం 15 రోజుల గడువు పెట్టి, అప్పటికీ చెల్లించకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. కాగితం మీద ఇది గట్టి హక్కే. అయితే రద్దు చేసుకున్నవాడికి ఆ సీజన్‌లో మరో క్లబ్బు దొరకాలి, బకాయి చేతికొచ్చే దాకా ఇల్లు గడవాలి. అందుకే చాలామంది నోటీసు ఇవ్వకుండా ఎదురుచూస్తారు.

బాగా సంపాదించిన దేశాల్లోనూ ఇది తప్పలేదు. ఇంగ్లండ్ గోల్‌కీపర్‌గా యాభైకి పైగా మ్యాచులు ఆడిన డేవిడ్ జేమ్స్ 2014లో దివాలా తీశాడు. బ్రిటన్‌లో సినిమా నిర్మాణ పెట్టుబడుల పేరిట పన్ను ఆదా పథకాల్లో చేరిన ఆటగాళ్లు చాలామంది, ఏళ్ల తరువాత పన్ను శాఖ ఆ రాయితీలను ఒప్పుకోకపోవడంతో పాత పన్నూ వడ్డీ కలిపి కట్టాల్సి వచ్చింది. డబ్బు తక్కువై మునిగిన కేసులు కావివి. ఎవరో తెచ్చిన కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టిన కేసులు.

ఏ పనికి ఏ పరీక్ష

ఇక ఫైనాన్స్‌ను వృత్తిగా చేసుకునే సంగతి. ఇక్కడ లైసెన్సుల మధ్య తేడా తెలియకపోతే మొత్తం గందరగోళమే.

బీమా ఏజెంటు కావడానికి పదో తరగతి చాలు. శిక్షణ పూర్తిచేసి ఐసీ-38 అనే పరీక్ష రాయాలి. దారుల్లో తేలికైనది ఇదే.

మ్యూచువల్ ఫండ్ పంపిణీదారుకు, అంటే ఫండ్లు అమ్మిపెట్టేవాడికి, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ స్థాపించిన ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ పెట్టే 5-ఏ సిరీస్ పరీక్ష ఉంటుంది. నూరు మార్కులు, రెండు గంటలు, 50 వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. పాసయ్యాక ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ దగ్గర ఏఆర్‌ఎన్ అనే నమోదు నంబరు తీసుకోవాలి. నెల రోజులు కూర్చుని చదివే ఓపిక ఉన్న ఎవరికైనా ఇది అందే పరీక్షే.

పెట్టుబడి సలహాదారు వేరే జాతి. సెబీ దగ్గర నమోదు కావాలి, ఎన్‌ఐఎస్‌ఎం 10-ఏ, 10-బీ రెండూ పాసవ్వాలి, డిగ్రీ ఉండాలి. 2024 డిసెంబరులో సెబీ నిబంధనలు సడలించింది. అంతకు ముందు అడిగిన నికర ఆస్తి స్థానంలో డిపాజిట్ పెట్టింది: 150 మంది ఖాతాదారుల దాకా అయితే లక్ష రూపాయలు. ముందున్న అనుభవం షరతు కూడా తీసేసింది. ఆట నుంచి వచ్చేవాడికి అసలైన ఉపశమనం ఈ రెండోదే, ఎందుకంటే వాడికి అనుభవమంతా పెనాల్టీ బాక్సులోనే. సలహాదారు ఖాతాదారు దగ్గర ఫీజు తీసుకోవచ్చు, ఆ సలహా మీద ఫండ్ సంస్థ నుంచి కమీషన్ తీసుకోకూడదు. పంపిణీదారుకు సరిగ్గా దీనికి తలకిందులు: బతికేది కమీషన్ మీదే.

ఈ లైసెన్సులేవీ లేకుండా ‘రేపు ఈ షేరు కొనండి’ అని వాట్సాప్ గ్రూపు నడిపితే అది నేరుగా సెబీ నిబంధనల ఉల్లంఘన. మాజీ ఆటగాడి పేరున్న గ్రూపులో జనం ఇంకా తొందరగా చేరతారు కాబట్టి చిక్కు కూడా ఎక్కువే.

ఫండ్ సంస్థల్లో విశ్లేషకుడి పనికి సీఎఫ్‌ఏ అనే అంతర్జాతీయ అర్హత లాంటి దారి ఉంది. మూడు స్థాయిలు, ఒక్కోదానికి మూడు వందల గంటల చదువు మామూలు అంచనా, చార్టర్ రావాలంటే కనీసం మూడేళ్లకు తగ్గకుండా నాలుగు వేల గంటల పని అనుభవం. ముప్పై మూడులో మొదలుపెడితే నలభైకి దగ్గరపడతాం. కుదరదని కాదు గానీ ఆ ఏళ్లు ఇంట్లో ఎవరి జీతం మీద గడుస్తాయన్నది ముందు తేలాలి.

చదువు ఆడుతూనే పూర్తి చేయవచ్చనడానికి ఇటలీ డిఫెండర్ జోర్జో కియెల్లీని మంచి ఉదాహరణ. యువెంటస్‌కు ఆడుతూనే ట్యూరిన్ విశ్వవిద్యాలయంలో 2010లో అర్థశాస్త్రం డిగ్రీ, 2017లో వ్యాపార నిర్వహణలో మాస్టర్స్ చేశాడు. మన దగ్గర ఇగ్నో డిగ్రీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్ల గడువు ఇవ్వడం ఆటగాడి క్యాలెండర్‌కు అతికినట్టు సరిపోతుంది. తేడా వచ్చేది అసైన్‌మెంట్ల గడువు దగ్గర. అవి ఇవ్వనివాళ్లకు పరీక్ష రాసినా కోర్సు పూర్తికాదు. ప్రీ-సీజన్ క్యాంపుల్లో మరిచిపోయేది సరిగ్గా వాటినే.

పంపిణీదారు మొదటి ఏడాది: రూ. 20,800

ఆట మానేసిన వ్యక్తి ఏఆర్‌ఎన్ తీసుకున్నాడనుకుందాం. పాత జట్టువాళ్లు, అకాడమీ స్నేహితులు కలిపి నలభై మంది నెలకు పదేసి వేల సిప్ (ప్రతి నెలా ఫండ్‌లో వేసే వాయిదా) మొదలుపెట్టారు. నిజానికి మొదటి ఏడాదే నలభై మంది దొరకడం గొప్పే.

నెలకు 4 లక్షలు చేరుతుంది. మొదటి నెల చివర ఖాతాలో 4 లక్షలు, పన్నెండో నెలకు 48 లక్షలు, సగటున 26 లక్షలు. ఫండ్ సంస్థ పంపిణీదారుకు ఏటా ఇచ్చే ట్రెయిల్ కమీషన్ 0.8 శాతం అనుకుంటే మొదటి ఏడాది మొత్తం రాబడి రూ. 20,800. నెలకు కాదు, ఏడాదికి.

లాభం ఏమీ కలపకుండా అయిదేళ్లు ఇలాగే సాగితే నిర్వహణలో 2.4 కోట్లు. కమీషన్ ఏడాదికి 1.92 లక్షలు, నెలకు 16 వేలు. నెలకు 50 వేలు రావాలంటే అదే రేటున 7.5 కోట్లు ఉండాలి. ఈ వ్యాపారం నెమ్మదిగా ఊరే బావి. మొదటి మూడేళ్లు వేరే ఆదాయం, కోచింగో భార్య జీతమో ఏదో ఒకటి, ఉన్నవాళ్లే నిలబడతారు.

ఆ మూడేళ్లు ఆగలేనివాళ్లు బీమా వైపు జారతారు. సంప్రదాయ పాలసీల్లో మొదటి ఏడాది ప్రీమియం మీద వచ్చే కమీషన్ పెద్దది, వెంటనే చేతికొస్తుంది. అమ్మేవాడి అవసరమూ కొనేవాడి అవసరమూ ఇక్కడ వేరు పడతాయి. పదేళ్లే సంపాదించే ఆటగాడికి ఇరవై ఏళ్లు ప్రీమియం కట్టే పాలసీ అంటగడితే, అది సగంలో ఆగిపోవడం దాదాపు ఖాయం. మధ్యలో ఆపితే చేతికొచ్చే సరెండర్ విలువ చూసుకున్న రోజున స్నేహం కూడా ఆగిపోతుంది.

డ్రెస్సింగ్ రూమ్ పరిచయాలు: బలమా, బరువా?

దీనిమీద రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. మాజీ ఆటగాణ్ని ఉద్యోగంలోకి తీసుకునే బ్యాంకులు, సంపద నిర్వహణ సంస్థలు చూసేది నమ్మకం. ఇరవై ఏళ్ల కుర్రాడు తన కాంట్రాక్టు కాగితం బయటివాడికి చూపించడు, పాత కెప్టెన్‌కు చూపిస్తాడు. పైగా తారాజువ్వ ఆదాయం అంటే ఏమిటో అనుభవించినవాడికి వేరే చెప్పాల్సిన పని లేదు. ఓటమి మర్నాడే మళ్లీ ప్రాక్టీసుకు వెళ్లే అలవాటు, ముఖం మీద విమర్శ పడే ఓపిక కూడా అమ్మకాల పనిలో అక్కరకొస్తాయి.

ఎదుటి పక్షం అదే నమ్మకాన్ని అనుమానంగా చూస్తుంది. జూనియర్ ఆటగాడు సీనియర్‌కు కాదనలేడు. “అన్న చెప్పాడు” అని సంతకం పెట్టడం సలహా తీసుకోవడం కిందికి రాదు. సీనియర్ నిజాయతీపరుడే కావచ్చు, సంస్థ ఇచ్చిన నెలవారీ టార్గెట్ మాత్రం వాడి వెనక నిలబడే ఉంటుంది. పన్నెండేళ్లు మైదానంలో గడిపినవాడికి ఎక్సెల్, బ్యాలెన్స్ షీట్ కొత్తవి, వాటిని నేర్చుకునే లోపే పరిచయాలను అమ్మకాలుగా మార్చమని ఒత్తిడి వస్తుందని కూడా వీళ్లంటారు. నా లెక్కలో ఈ రెండో వాదానికే కాస్త ఎక్కువ బరువు. కమీషన్ ఎంతో ముందే కాగితం మీద చూపించే పంపిణీదారు దగ్గర మాత్రం ఆ బరువు చాలావరకు తగ్గుతుంది.

ఈ చర్చలో ఎవరూ పెద్దగా పట్టించుకోని చిక్కు ఇంకొకటుంది. ఆ నలభై మంది ఖాతాదారులకూ జీతం వచ్చేది ఒకే లీగు నుంచి. 2025 ఆగస్టు లాంటి నెల మళ్లీ వచ్చిందనుకుందాం. అయిదో ఏడాది చివర, 2.4 కోట్లు ఉన్నప్పుడు, నలభైలో పాతిక మంది సిప్ ఆపేసి, ఇల్లు గడవడానికి తలా మూడు లక్షలు వెనక్కి తీసుకున్నారు. 75 లక్షలు పోయి మిగిలేది 1.65 కోట్లు. కమీషన్ నెలకు 16 వేల నుంచి 11 వేలకు దిగుతుంది, కొత్తగా చేరే డబ్బు నెలకు 4 లక్షల నుంచి లక్షన్నరకు పడిపోతుంది. ఆట మానేసి అయిదేళ్లయినా, లీగు ఆగితే వీడి ఆదాయమూ తగ్గుతోందన్నమాట. అదే నలభై మందిలో సగం అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటువాళ్లు, అకాడమీ పిల్లల తల్లిదండ్రులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అయితే దెబ్బ సగమే.